పైలట్ చదువుకు చవక యూనివర్సిటీని ఎలా పోల్చుకోవాలి?

ఏవియేషన్ యూనివర్సిటీలను పోల్చి చూసేటప్పుడు అందరి కళ్లూ ముందు ట్యూషన్ ఫీజు మీదికే పోతాయి. అసలు అది చివర్లో చూడాల్సిన అంకె. పైలట్ కావడానికి పెట్టే డబ్బులో తరగతి గదికి పోయేది కొంతే. చాలాచోట్ల పెద్ద వాటా ఇంజిన్ తిరిగే గంటలకు పోతుంది. ఆ గంటలు ఎన్ని, గంటకు ఎంత, అన్నీ పూర్తి కావడానికి ఎన్ని నెలలు పడుతుంది అన్నవి తెలుసుకోకుండా ఫలానా చోట చవక అనుకోవడం, తూకం చూడకుండా ధర మాట్లాడుకున్నట్టే.

అందుకే ఇక్కడ ర్యాంకుల జాబితా ఇవ్వడం లేదు. ఇచ్చినా ఏడాది తిరక్కుండానే పాతబడుతుంది. డబ్బు ఎక్కడెక్కడ కారిపోతుందో ఒకసారి తెలిస్తే, ఏ దేశంలో ఏ యూనివర్సిటీ ఇచ్చిన ఫీజు కాగితాన్నయినా మీరే చదువుకోవచ్చు.

దానికంటే ముందు ఒక పని ఉంది. ఏ దరఖాస్తూ నింపకముందే క్లాస్ 1 మెడికల్ పరీక్ష చేయించుకోవాలి. చాలా దేశాల్లో కమర్షియల్ పైలట్‌గా జీతం తీసుకోవాలంటే చూపు, రంగుల గుర్తింపు, వినికిడి, గుండె అన్నీ ఆ పరీక్షలో నెగ్గాలి. చాలామంది దీన్ని అడ్మిషన్ తర్వాత చూసుకోవచ్చులే అని వదిలేస్తారు. ఒక ఏడాది ఫీజు కట్టాక రంగులు సరిగా గుర్తించలేరని తేలితే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

పేరులో ఏవియేషన్ ఉన్నంత మాత్రాన

ఏరోస్పేస్ ఇంజినీరింగ్ విమానాన్ని తయారు చేసేవాళ్ల చదువు. అందులో లెక్కలుంటాయి, లోహాలుంటాయి, గాలి ఒత్తిళ్లుంటాయి. ఎగరడం మాత్రం ఉండదు. ఏవియేషన్ మేనేజ్‌మెంట్ ఎయిర్‌పోర్టులను, ఎయిర్‌లైన్లను నడిపే ఉద్యోగాల చదువు. అందులో ఒక్క గంట కూడా విమానం నడపకుండానే డిగ్రీ పూర్తవుతుంది. పైలట్ లైసెన్స్‌తో కలిపి ఇచ్చే డిగ్రీ ఈ రెండూ కాదు. అది ప్రొఫెషనల్ ఫ్లైట్, ఏరోనాటికల్ సైన్స్, కమర్షియల్ ఏవియేషన్ లాంటి పేర్లతో ఉంటుంది. ఏరోనాటికల్ సైన్స్‌కీ ఏరోనాటికల్ ఇంజినీరింగ్‌కీ తేడా ఒక్క మాటే, కానీ దారులు పూర్తిగా వేరు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. కొన్ని డిగ్రీల్లో ఫ్లైయింగ్ కోర్సులో భాగంగా ఉండదు. పక్కనున్న ఫ్లైయింగ్ స్కూల్‌తో ఒప్పందం ఉంది, ఇష్టమైతే నేర్చుకోవచ్చు అంటారు. అలాంటి చోట ఫీజు కాగితం చూడగానే చవకగా అనిపిస్తుంది, ఎందుకంటే అసలు ఖర్చు ఆ కాగితం మీద లేనే లేదు. కాబట్టి అడ్మిషన్ ఆఫీసును ఒకే ప్రశ్న సూటిగా అడగాలి: కోర్సు అయ్యేసరికి నా చేతికి ఏ లైసెన్స్, ఏ రేటింగ్‌లు వస్తాయి, అవన్నీ మీరు చెప్పిన మొత్తంలోనే ఉన్నాయా? రేటింగ్ అంటే లైసెన్స్‌కు అదనంగా కలిసే అర్హత. ప్రైవేట్ లైసెన్స్ (జీతం తీసుకోకుండా ఎగరడానికి), ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయటికి కనిపించనప్పుడు పరికరాలు చూసి ఎగరడానికి), కమర్షియల్ లైసెన్స్ (జీతానికి ఎగరడానికి), మల్టీ ఇంజిన్ రేటింగ్ (ఒకటికి మించి ఇంజిన్లున్న విమానానికి) అని ఒక్కోటీ పేరు పెట్టి చెప్పించుకోవాలి. ఎయిర్‌బస్ ఎ320 లాంటి పెద్ద విమానం నడపడానికి కావాల్సిన టైప్ రేటింగ్ మాత్రం మామూలుగా వీటిలో ఉండదు. చాలా దేశాల్లో ఆ ఖర్చు కూడా కొత్త పైలట్ నెత్తినే పడుతుంది.

అసలు డిగ్రీ దేనికి?

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో కమర్షియల్ లైసెన్స్‌కు కోరేది 200 గంటల ఫ్లైయింగ్. ఆమోదం పొందిన ఇంటిగ్రేటెడ్ కోర్సులో, అంటే మొదటి నుంచి చివరిదాకా ఒకే సిలబస్‌తో ఆపకుండా సాగే కోర్సులో అయితే 150 గంటలు చాలు. డిగ్రీ ఊసే లేదు. యూరప్ నిబంధనల్లో డిగ్రీ లేదు, అమెరికాలో లేదు. భారత్‌లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగేది ఫిజిక్స్, మ్యాథ్స్‌తో ఇంటర్ స్థాయి చదువు మాత్రమే. మరి యూనివర్సిటీకి నాలుగేళ్లు ఎందుకు ఇవ్వాలి?

అమెరికాలో దీనికి చాలా నిర్దిష్టమైన జవాబు ఉంది. 2009 ఫిబ్రవరి 12 రాత్రి కోల్గన్ ఎయిర్ 3407 విమానం బఫెలో దగ్గర కూలి 50 మంది చనిపోయారు. దాని తర్వాత 2010లో కాంగ్రెస్ చట్టం చేసింది. 2013లో అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధన వచ్చింది. ఎయిర్‌లైన్‌లో కో-పైలట్ సీట్లో కూర్చోవాలన్నా 1500 గంటలు ఉండాలన్నది ఆ నిబంధన. ఆ రాత్రి కాక్‌పిట్‌లో ఉన్న ఇద్దరికీ 1500 గంటల కంటే ఎక్కువ అనుభవమే ఉందన్నది ఇప్పటికీ వాదనల్లో వినిపించే మాట. అది అలా ఉంచితే, ఈ నిబంధనలో ఒక మినహాయింపు ఉంది. ఎఫ్ఏఏ అనుమతి పత్రం ఉన్న కాలేజీలో ఏవియేషన్ డిగ్రీ చేసి, కమర్షియల్ లైసెన్స్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఆ కాలేజీకి అనుబంధమైన ఆమోదిత ఫ్లైట్ స్కూల్లోనే తీసుకుంటే, నాలుగేళ్ల డిగ్రీకి 1000 గంటలు, రెండేళ్ల అసోసియేట్ డిగ్రీకి 1250 గంటలు చాలు.

అమెరికన్ యూనివర్సిటీలు అమ్మే అసలు సరుకు ఈ 500 గంటలే. ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తూ ఆ గంటలు పోగేయడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా పడుతుంది. ఎయిర్‌లైన్ ఉద్యోగం అంత ముందు మొదలవుతుందంటే దాని విలువ తక్కువేమీ కాదు. అయితే అది అమెరికాలో పనిచేసే హక్కు ఉన్నవాళ్లకే. చదువు అయ్యాక దొరికే కొద్దికాలపు పని అనుమతిలో ఇన్‌స్ట్రక్టర్‌గా కొన్ని వందల గంటలు కూడబెట్టుకుని స్వదేశానికి వెళ్లిపోయే విద్యార్థికి, 1500కీ 1000కీ మధ్య తేడాతో పనే పడదు. చాలా దేశాల్లో 200 గంటల కమర్షియల్ లైసెన్స్‌తోనే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అలాంటివాళ్లకు ఈ మినహాయింపును గొప్ప లాభంగా చూపించి అడ్మిషన్ ఇచ్చే చోట్లు ఉన్నాయి. లాభం నిజమే, కానీ వాళ్లది కాదు.

డిగ్రీకి ఇంకో మంచి కారణం ఉంది, దాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. పైలట్ ఉద్యోగం ఒక మెడికల్ సర్టిఫికెట్ మీద వేలాడుతూ ఉంటుంది. ముప్పై ఏళ్లకో నలభై ఏళ్లకో అది పోతే చేతిలో ఇంకో చదువు ఉండాలి. కానీ అదే కారణమైతే, ఆ రెండో చదువు కూడా ఏవియేషన్‌లోనే ఎందుకు ఉండాలి అని కూడా అడగాలి కదా. 2020లో విమానాలు నేల మీద నిలబడిపోయినప్పుడు పైలట్లతో పాటు ఏవియేషన్ మేనేజర్లూ ఖాళీగానే కూర్చున్నారు. అకౌంటింగ్, కంప్యూటర్లు, టీచింగ్ లాంటి సంబంధం లేని డిగ్రీ ఒక రకంగా గట్టి ఇన్సూరెన్స్.

ఒక పాఠం, ఒక మీటరు

ఖర్చు ఎలా నడుస్తుందో చూడాలంటే ఒక్క పాఠాన్ని దగ్గర నుంచి చూడాలి.

ఉదయం ఎనిమిది గంటల స్లాట్. విమానం సెస్నా 172, నాలుగు సీట్లది. 1955లో మొదటిసారి ఎగిరిన డిజైన్, ఇప్పటికీ ప్రపంచంలో సగం మందికి తొలి పాఠాలు చెబుతోందా అనిపిస్తుంది. విద్యార్థి ముందే వచ్చి వాతావరణం చూసుకున్నాడు. బరువు లెక్క వేశాడు. రెక్క కింద నుంచి కాస్త ఇంధనం గొట్టంలోకి తీసి నీళ్లేమైనా కలిశాయేమో వెలుతురులో పట్టి చూశాడు. ఆయిల్ కొలిచాడు. ఇంతవరకు విమానం అద్దె మొదలవ్వలేదు. 8:04కి ఇంజిన్ స్టార్ట్ అయింది. ప్యానెల్‌లో హాబ్స్ మీటర్ కదలడం మొదలుపెట్టింది. అది గంటను పది భాగాలు చేసి లెక్క పెడుతుంది. ఒక్కో భాగం ఆరు నిమిషాలు.

అది రద్దీ విమానాశ్రయం. టాక్సీ, అంటే నేల మీద విమానాన్ని నడుపుకుంటూ రన్‌వే దాకా వెళ్లడం, దాని అనుమతి కోసం ఆగాడు. రన్‌వే చివరిదాకా వెళ్లి ఇంజిన్ పరీక్ష చేశాడు. ముందు మూడు విమానాలు, మధ్యలో ఒక జెట్ దిగింది. 8:28కి చక్రాలు నేల విడిచాయి. అప్పటికే మీటర్ 0.4. ప్రాక్టీస్ ప్రాంతానికి పన్నెండు నిమిషాలు, అంటే 0.2. అక్కడ స్టాల్స్ (వేగం తగ్గి రెక్కలు మోయలేని స్థితి నుంచి తేరుకోవడం), స్టీప్ టర్న్స్ (బాగా వాలి తిరిగే మలుపులు) చేసింది అరగంట, 0.5. వెనక్కి రావడానికి 0.2. దిగి, టాక్సీ చేసి, ఇంజిన్ ఆపేసరికి ఇంకో 0.2. మొత్తం బిల్లు 1.5 గంటలు. అసలు పాఠం నేర్చుకున్నది అందులో మూడో వంతు.

అదే పాఠం రద్దీ లేని చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లో అయితే? స్టార్ట్ చేసిన పన్నెండు నిమిషాలకు గాల్లో ఉంటాడు, మరో ఆరు నిమిషాలకు ప్రాక్టీస్ ప్రాంతంలో ఉంటాడు. రావడానికి ఆరు, ఆపడానికి ఆరు. అదే 1.5 గంటల బిల్లులో పూర్తిగా ఒక గంట పాఠానికి మిగులుతుంది. గంట రేటు కొంచెం ఎక్కువైనా ఇక్కడే చవక.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. విమానం టేకాఫ్ కోసం తనంతట తాను కదలడం మొదలైనప్పటి నుంచి చివరికి ఆగేదాకా ఉన్న సమయమంతా లాగ్‌బుక్‌లో, అంటే ప్రతి ఫ్లైట్‌నూ రాసుకునే పుస్తకంలో, ఫ్లైట్ టైమ్‌గానే ఎక్కుతుంది. కాబట్టి క్యూలో నిలబడ్డ నిమిషాల్లో చాలా భాగం మొత్తం గంటల లెక్కలో వృథా పోదు. మొదటి సోలోకి (ఒంటరిగా ఎగరడానికి) ముందు, చెక్ రైడ్‌కు (ఎగ్జామినర్‌తో ఎగిరే లైసెన్స్ పరీక్షకు) సిద్ధమయ్యేటప్పుడు మాత్రం అది బాగా దెబ్బ కొడుతుంది, ఎందుకంటే అక్కడ ముందుకు వెళ్లాలంటే గంటలు నిండితే చాలదు, పని చేతికి రావాలి. రద్దీ ఎయిర్‌పోర్టులో రేడియో మాట్లాడటం త్వరగా అలవాటవుతుందన్నదీ నిజమే. దానికి నాలుగు ట్రిప్పులు చాలు, నాలుగేళ్లు అక్కర్లేదు.

ఇక గంట రేటులోనే కొన్ని కిటుకులున్నాయి. వెట్ రేటు అంటే ఇంధనంతో కలిపి, డ్రై రేటు అంటే ఇంధనం వేరుగా. రెండు స్కూళ్లలో ఒకటి వెట్, ఇంకోటి డ్రై చెబితే ఆ రెండు అంకెలకూ పోలికే లేదు. సెస్నా 172 గంటకు సుమారు 30 నుంచి 35 లీటర్ల ఏవీగ్యాస్, అంటే చిన్న విమానాల పెట్రోల్, తాగుతుంది. ఏవీగ్యాస్ చాలా దేశాల్లో జెట్ ఇంధనం కంటే ఖరీదు. అందుకే జెట్ ఇంధనంతో నడిచే డీజిల్ ఇంజిన్ డైమండ్ డీఏ40లను కొన్ని స్కూళ్లు కొంటున్నాయి. కొన్నిచోట్ల హాబ్స్ బదులు ట్యాక్ మీటర్ చూసి బిల్లు వేస్తారు. అది ఇంజిన్ వేగాన్ని బట్టి నడుస్తుంది కాబట్టి, నేల మీద నెమ్మదిగా తిరిగేటప్పుడు నెమ్మదిగానే లెక్క పెడుతుంది. విద్యార్థికి అది మేలు. ఇన్‌స్ట్రక్టర్ ఫీజు ఆ రేటులో ఉందా, ఎగిరే ముందు, తర్వాత చేసే బ్రీఫింగ్‌కు కూడా వసూలు చేస్తారా, ల్యాండింగ్ రుసుము ఉందా అన్నవి రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

కనీసం అన్న మాట ఎంత ప్రమాదమో

ఫీజు కాగితాల్లో గంటల లెక్క దాదాపు ఎప్పుడూ నిబంధనలు చెప్పే కనీసం మీదే వేస్తారు. అమెరికాలో ప్రైవేట్ లైసెన్స్‌కు కనీసం 40 గంటలు, ఎఫ్ఏఏ నిబంధనల్లో పార్ట్ 141 కింద ఆమోదం ఉన్న స్కూల్లో 35. వాస్తవంలో చాలామందికి 60 దాటుతుంది. కనీసం గంటల్లో పూర్తిచేసేవాళ్లు లేకపోలేదు, కానీ ఇంటి బడ్జెట్ వాళ్లను చూసి వేసుకోకూడదు.

ఇక్కడ కాస్త సూక్ష్మం ఉంది. అలాంటి ఆమోదిత సిలబస్ అవసరం లేని పార్ట్ 61 పద్ధతిలో కమర్షియల్ లైసెన్స్‌కు మొత్తం 250 గంటలు ఎలాగూ కావాలి. ప్రైవేట్ లైసెన్స్ దగ్గర ఇరవై గంటలు ఎక్కువ పట్టినా, తర్వాత గంటలు పోగేసే దశలో అంతమేరకు తగ్గించుకోవచ్చు. పార్ట్ 141లో సుమారు 190 గంటలకే కమర్షియల్ వస్తుంది, యూరప్ ఇంటిగ్రేటెడ్ కోర్సులో 150కే వస్తుంది. వినడానికి చవక. కానీ అక్కడ సిలబస్ బిగుతుగా ఉంటుంది, ప్రతి పాఠానికీ లెక్క ఉంటుంది. వెనకబడితే పట్టే అదనపు గంటలన్నీ పైన కలుస్తాయి. ఎక్కడా సర్దుకునే చోటుండదు.

కాబట్టి అడగాల్సింది కనీసం ఎన్ని గంటలని కాదు. గత రెండు బ్యాచ్‌లలో పూర్తి చేసినవాళ్లు సగటున ఎన్ని గంటలకు, ఎన్ని నెలలకు పూర్తి చేశారు, మధ్యలో ఎంతమంది మానేశారు అని అడగాలి. ఈ లెక్క స్కూల్ దగ్గర తప్పక ఉంటుంది. చెప్పడానికి తటపటాయిస్తే అదే జవాబు. చెక్ రైడ్ ఫెయిలైతే ఎగ్జామినర్ ఫీజు, విమానం అద్దె, అదనపు పాఠాలు మళ్లీ కట్టాలి. దానికీ కొంత పక్కన పెట్టుకోవాలి.

కింద కూర్చుని ఎదురు చూసే ఖర్చు

నా దృష్టిలో విద్యార్థులను అన్నిటికంటే ఎక్కువ ముంచేది ఇదే. ఏ కాగితం మీదా కనిపించదు.

ఒక లెక్క వేద్దాం. ఒక స్కూల్లో పది శిక్షణ విమానాలున్నాయి అనుకుందాం. మరమ్మతులు, చెడు వాతావరణం తీసేస్తే ఒక్కోటి ఏడాదికి 700 గంటలు ఎగిరిందనుకుందాం. మొత్తం 7000 గంటలు. విద్యార్థులు వంద మంది, ఒక్కొక్కరికి ఆ ఏడాది వంద గంటలు కావాలి. కావాల్సినవి 10,000, ఉన్నవి 7000. ఆ మూడు వేల గంటల లోటు ఎక్కడికి పోతుంది? విద్యార్థుల హాస్టల్ అద్దెలోకి, భోజనం ఖర్చులోకి, వీసా గడువులోకి, ఇంట్లో కట్టే బ్యాంకు వడ్డీలోకి పోతుంది. ఏడాదిన్నర కోర్సు రెండేళ్లు దాటుతుంది. గంట రేటు ఎంత తక్కువైనా ఇక లాభం లేదు.

విమానాలు పది అని బ్రోచర్‌లో ఉన్నా, వాటిలో నిజంగా ఎగురుతున్నవి ఎన్నో చూడాలి. శిక్షణకు అద్దెకిచ్చే విమానానికి ప్రతి 100 గంటలకూ తనిఖీ తప్పదు. బాగా నడిచే స్కూల్లో ఒక విమానం రెండు నెలలు తిరక్కుండానే ఆ తనిఖీకి వస్తుంది. సొంత మెకానిక్‌లు ఉంటే రెండు మూడు రోజుల్లో బయటికి వస్తుంది. బయట నుంచి మనిషి రావాలన్నా, విడిభాగం సముద్రం దాటి రావాలన్నా వారాలు హ్యాంగర్‌లోనే ఉంటుంది. ఇంజిన్‌ను సుమారు 2000 గంటలకు పూర్తిగా విప్పి కట్టాలి. ఆ డబ్బు ముందుగా పక్కన పెట్టుకోని స్కూల్లో విమానం ఓ మూల దుమ్ము పట్టి నిలబడిపోతుంది.

ఇన్‌స్ట్రక్టర్ల సంగతి ఇంకో తీరు. వాళ్లలో చాలామంది కుర్రవాళ్లు, తమ గంటలు నిండగానే ఎయిర్‌లైన్‌కి వెళ్లిపోయేవాళ్లు. అందులో తప్పేమీ లేదు. కానీ సోలోకి రెండు పాఠాల దూరంలో ఉన్న విద్యార్థికి కొత్త ఇన్‌స్ట్రక్టర్ వస్తే, ఆయన పాత లాగ్‌బుక్ చూసి సంతకం పెట్టడు. తన కళ్లతో చూడాలి కాబట్టి నాలుగు పాఠాలు మళ్లీ మొదటి నుంచి చేయిస్తాడు. ఆ నాలుగింటి డబ్బు కట్టేది విద్యార్థే. తమ దగ్గర చదివినవాళ్లనే ఇన్‌స్ట్రక్టర్లుగా తీసుకునే యూనివర్సిటీకి ఇక్కడ రెండు విధాల మంచి పేరు వస్తుంది: అందరూ ఒకే పద్ధతిలో నేర్పుతారు, మీ చదువు అయ్యాక మీకూ జీతంతో గంటలు పోగేసుకునే దారి ఉంటుంది.

మధ్యలో గ్యాప్ వస్తే చేతికొచ్చిన నేర్పు పోతుంది. వారానికి మూడు నాలుగు సార్లు ఎగిరేవాడికి నిన్నటి పాఠం చేతుల్లోనే ఉంటుంది. రెండు వారాలకొకసారి ఎగిరేవాడు ప్రతిసారీ మొదటి అరగంట మరిచిపోయింది గుర్తు తెచ్చుకోవడానికే ఖర్చు చేస్తాడు.

వాతావరణాన్ని దీనిలో భాగంగానే చూడాలి. జర్మనీకి చెందిన లుఫ్తాన్సా తన క్యాడెట్లను దశాబ్దాల పాటు అమెరికాలోని ఆరిజోనా ఎడారిలో గుడ్‌ఇయర్‌కు పంపి నేర్పించింది. అంత దూరం పంపే ఖర్చు కంటే మబ్బుల కింద ఖాళీగా కూర్చోబెట్టే ఖర్చే ఎక్కువని దాని లెక్క. అలాగని ఎండ ఉన్న చోటల్లా మంచిదనుకోకూడదు. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో గడుస్తాయి, అక్కడ ఉదయం స్లాట్ దొరకడమే అదృష్టం. ఇటు గడ్డకట్టే చలి ఉన్న గ్రాండ్ ఫోర్క్స్‌లో నార్త్ డకోటా యూనివర్సిటీ వందకు పైగా విమానాలతో దేశంలోని అతిపెద్ద ఏవియేషన్ కార్యక్రమాల్లో ఒకటి నడుపుతోంది. ఏడాదిలో ఎగరగలిగే రోజులు ఎన్ని అన్నదానితో పాటు, ఆ రోజుల్లో మీకు విమానం దొరుకుతుందా అన్నదీ చూడాలి.

మెరిసే స్క్రీన్లు

గ్లాస్ కాక్‌పిట్, అంటే ముళ్ల మీటర్ల బదులు స్క్రీన్లు, ఉన్న కొత్త విమానం ఫొటోలో బాగుంటుంది, గంటకు ఎక్కువ తింటుంది. ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణకు అది పనికొస్తుంది. కమర్షియల్ లైసెన్స్ కోసం క్రాస్ కంట్రీ (ఒక ఎయిర్‌పోర్టు నుంచి ఇంకో చోటికి దూర ప్రయాణం) గంటలు పోగేయడానికి పాత రెండు సీట్ల సెస్నా 152 శుభ్రంగా సరిపోతుంది, ఇంధనం కూడా తక్కువే తాగుతుంది. మంచి స్కూల్ ఈ రెండు రకాలూ ఉంచుతుంది. మల్టీ ఇంజిన్ గంట సింగిల్ ఇంజిన్ గంటకు రెట్టింపు దాకా ఉంటుంది కాబట్టి, అందులో ఎన్ని గంటలు తప్పనిసరో, ఎన్ని అలంకారానికో అడిగి తెలుసుకోవాలి.

రాయితీలు ఎక్కడ ఆగిపోతాయంటే

స్కాలర్‌షిప్ సగం ఫీజు అనగానే సగం ఖర్చు తగ్గిందనుకుంటాం. చాలాచోట్ల అది ట్యూషన్‌లో సగమే. ఫ్లైట్ ఫీజు వేరే ఖాతా, దాని మీద రాయితీ చాలా అరుదు. అమెరికాలోని ప్రభుత్వ యూనివర్సిటీలు సొంత రాష్ట్రం వాళ్లకు ట్యూషన్ బాగా తక్కువకు ఇస్తాయి. 1930లలోనే సొంత విమానాశ్రయం కట్టుకున్న పర్డ్యూ లాంటి పేరున్న చోటు కూడా ప్రభుత్వ యూనివర్సిటీయే. బయటి నుంచి వచ్చినవాళ్లకు ట్యూషన్ ఎక్కువ, కానీ విమానం గంట రేటు మాత్రం మామూలుగా అందరికీ ఒకటే. కాబట్టి బయటి విద్యార్థికి పేరున్న యూనివర్సిటీ ఎంత ఖరీదో, సొంత రాష్ట్రం విద్యార్థికి అదే ఎంత చవకో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒకే కాలేజీ ఒకరికి తెలివైన ఎంపిక, పక్కన కూర్చున్నవాడికి కాదు.

అప్పు సంగతీ అంతే. ఆస్ట్రేలియాలో ప్రభుత్వం ఇచ్చే చదువు అప్పుకు ఒక పరిమితి ఉంది. వైద్యం, దంత వైద్యం, పశు వైద్యంతో పాటు పైలట్ శిక్షణకు ఆ పరిమితిని ఎక్కువగా పెట్టారు. ఈ చదువు ఎంత ఖరీదో ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు లెక్క. అయితే ఇలాంటి సదుపాయాలు ప్రధానంగా ఆ దేశం వాళ్లకే. విదేశీ విద్యార్థి వాటిని చూసి ఆ దేశాన్ని చవక అనుకుంటే పొరపాటు.

లైసెన్స్ ఏ దేశానిది?

ఎక్కడ చదవాలన్నది ఎక్కడ పనిచేయాలన్నదాన్ని బట్టి తేలాలి. ఒక దేశపు లైసెన్స్ ఇంకో దేశంలో మామూలుగా నేరుగా చెల్లదు. అమెరికా లైసెన్స్‌తో యూరప్ వెళ్తే అక్కడ ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ కెప్టెన్‌కు కావాల్సిన లైసెన్స్) స్థాయి థియరీలో 13 సబ్జెక్టుల పరీక్షలు రాయాలి, ఆ తర్వాత ఫ్లైట్ టెస్ట్. భారత్‌లో కూడా విదేశీ లైసెన్స్ పట్టుకొచ్చినవాళ్లు డీజీసీఏ పరీక్షలు నెగ్గి, విమానంలో నైపుణ్యం చూపించాకే ఇక్కడి లైసెన్స్ వస్తుంది. బ్రిటన్ 2020 చివర్లో యూరప్ వ్యవస్థ నుంచి బయటికి రావడంతో, అప్పటిదాకా ఒకటే అయిన లైసెన్స్ రెండైపోయింది. రెండు చోట్లా దారి తెరిచి ఉంచుకోవాలనుకునే విద్యార్థులు రెండేసి పరీక్షలు రాస్తున్నారు.

ఈ మార్పిడికి పట్టే నెలలు, అందులో మళ్లీ ఎగరాల్సిన గంటలు, పరీక్షల ఫీజులు అన్నీ కలిపి చూస్తే, దూరదేశంలో గంట రేటు తక్కువని మిగిల్చుకున్నదంతా ఆవిరైపోవచ్చు. కాకపోవచ్చు కూడా. మీ దేశంలో విమానం దొరక్క రెండేళ్లు ఎదురుచూసే పరిస్థితి ఉంటే, బయట ఎనిమిది నెలల్లో పూర్తి చేసుకుని మార్పిడికి ఆరు నెలలు ఇచ్చినా ముందే ఉంటారు.

మొత్తం ఒకేసారి కట్టమంటే

కట్టొద్దు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. 2008 ఫిబ్రవరిలో అమెరికాలో సిల్వర్ స్టేట్ హెలికాప్టర్స్ అనే పెద్ద శిక్షణ సంస్థ రాత్రికి రాత్రి దివాలా తీసింది. అప్పులు తెచ్చి ముందే మొత్తం కట్టిన విద్యార్థులు లైసెన్స్ లేకుండా, అప్పుతో మిగిలారు. 2023లో స్కాట్లాండ్‌లోని డండీలో టేసైడ్ ఏవియేషన్ అలాగే మూతపడింది. ఫ్లైయింగ్ స్కూళ్ల లాభం పల్చగా ఉంటుంది, ఇంధనం ధర పెరిగినా, నాలుగు విమానాలు మూలపడినా తట్టుకోలేవు. ముందుగా కడితే రాయితీ ఇస్తామన్న మాట వెనక, వాళ్ల చేతిలో నగదు లేదన్న సంగతి దాగి ఉండొచ్చు.

ఇక్కడ మాత్రం యూనివర్సిటీకి నిజమైన బలం ఉంది. ఏవియేషన్ విభాగం నష్టపోయినా వెనక పెద్ద సంస్థ ఉంటుంది, క్రెడిట్లు వేరే కాలేజీకి బదిలీ చేసుకునే వీలుంటుంది. కానీ ఫ్లైయింగ్ బయటి స్కూల్ చేతిలో ఉంటే ఆ బలం సగమే. డబ్బు ఎవరి ఖాతాలోకి పోతోంది, ఆ స్కూల్ మూతపడితే మీ గంటలకు యూనివర్సిటీ బాధ్యత వహిస్తుందా అన్నది ఒప్పందంలో చదవాలి. దశలవారీగా, ఎగిరిన మేరకే కట్టే పద్ధతి ఉన్న చోటు, మొత్తం మీద కాస్త ఎక్కువైనా, నా లెక్కలో చవకే.

డిగ్రీ ఒకచోట, ఫ్లైయింగ్ ఒకచోట

చాలామంది పరిగణించని దారి ఒకటి ఉంది. తక్కువ ఫీజుతో దొరికే ఏదో ఒక డిగ్రీ, దూరవిద్యలోనైనా సరే, చేసుకుంటూ, లైసెన్స్‌ను మాడ్యులర్ పద్ధతిలో విడిగా తీసుకోవడం. ముందు ప్రైవేట్ లైసెన్స్, తర్వాత గంటలు, తర్వాత ఇన్‌స్ట్రుమెంట్, ఆపైన కమర్షియల్. డబ్బు ఉన్నప్పుడు ముందుకు, లేనప్పుడు ఆగొచ్చు. ఒక దశలో ఇది మనకు సరిపడదని తెలిస్తే నష్టం ఆ దశతోనే ఆగుతుంది. ఇంటిగ్రేటెడ్ కోర్సులో ఈ వెసులుబాటు లేదు. ఎవరూ వెనక నుంచి తోయరు కాబట్టి మధ్యలో నీరుగారిపోయేవాళ్లూ దీనిలోనే ఎక్కువ. సొంత క్రమశిక్షణ మీద నమ్మకం ఉన్నవాళ్లకు ఇంతకంటే తక్కువ ఖర్చు దారి నాకు తెలియదు.

2006 నుంచి ఐకావో ఎంపీఎల్ (మల్టీ క్రూ పైలట్ లైసెన్స్) అనే లైసెన్స్‌ను కూడా అనుమతిస్తోంది. అందులో ఎక్కువ శిక్షణ సిమ్యులేటర్‌లో జరుగుతుంది, మొదటి రోజు నుంచీ ఒక ఎయిర్‌లైన్‌తో ముడిపడి ఉంటుంది. ఆ ఎయిర్‌లైన్ ఉద్యోగం ఇస్తే మంచిదే. ఇవ్వకపోతే ఆ లైసెన్స్‌తో ఒంటరిగా వేరే చోటికి వెళ్లడం కష్టం.

ఎంపిక రెండు మూడు చోట్లకు తగ్గాక, వీలైతే ఒకసారి స్వయంగా వెళ్లి చూడండి. అడ్మిషన్ ఆఫీసులో టీ ఇచ్చి సిమ్యులేటర్ చూపిస్తారు. అది అయ్యాక మామూలు పనిరోజు ఉదయం పదింటికి విద్యార్థులకు విమానాలు ఇచ్చే డిస్పాచ్ కౌంటర్ దగ్గర ఓ గంట కూర్చోండి. ఆకాశం తేటగా ఉండగా ఎన్ని విమానాలు తాళ్లతో కట్టేసి ఉన్నాయో, ఎన్ని హ్యాంగర్‌లో మూత తీసి ఉన్నాయో కిటికీలోంచి లెక్కపెట్టండి. తర్వాత రెండో ఏడాది చదివే ఎవరినైనా పలకరించి, లాగ్‌బుక్ చూపిస్తారా అని అడగండి. విద్యార్థులకు లాగ్‌బుక్ చూపించడం సరదా, కాదనరు. అందులో మొత్తం గంటలు చూడకండి. మొదటి నిలువు వరస చూడండి. తేదీకీ తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయో, పేజీ తిప్పే కొద్దీ ఇన్‌స్ట్రక్టర్ సంతకం ఎన్నిసార్లు మారిందో అక్కడ ఉంటుంది.